అవ్వ ఊరికి చూపించిన కాలు

నా చిన్నప్పుడు టీకా అంటే ఒక్కటే, మశూచికి జబ్బ మీద గీరే టీకా. ఇప్పుడు మా చిన్నకోడలి బిడ్డకి పుట్టిన దగ్గర్నుంచీ సూదులే, చుక్కలే. ఏ నెలలో ఏది వేయించాలో తల్లికే గుర్తుండదు. కొత్తవి వచ్చి చేరుతుంటాయి, పాతవి పోతుంటాయి. మశూచి టీకా అయితే పూర్తిగానే పోయింది. "ఇన్నెందుకత్తయ్యా, పాపం పసిదానికి!" అని కోడలు విసుక్కుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నోరు మూసుకుని ఆస్పత్రికి బయల్దేరమంటాను.

మాది మా తాతలు చెరుకు కోతకి ఓడెక్కి వచ్చిన దీవి, అందులో నువెల్ ఫ్రాన్స్ దగ్గర చెరుకు తోటల మధ్య ఊరు. అప్పటికింకా ఇంగ్లీషు వాళ్ళ పాలనే. మా ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, అంటే మా నాన్న తల్లిది. అమ్మోరి పండుగకి ఘటం ఎత్తేది ఆవిడే కాబట్టి ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళెవరూ ఆవిడ మాట జవదాటేవారు కాదు. పిల్లలకి టీకా వేసిన చోట పొక్కు లేస్తే మాకు అమ్మోరు ఇంటికి వచ్చినట్టే లెక్క. గుమ్మానికి వేపాకు కట్టేవారు. ఇంట్లో తాలింపు ఘాటు లేకుండా చూసుకునేవారు. పొక్కు మాడిపోయాక పసుపునీళ్ళు పోసేవారు. మిగిలిన మచ్చ అమ్మోరు వేసిన ముద్ర అనేది అవ్వ. ముద్ర పడిన పిల్లని ఇంక ఏ రోగమూ ముట్టదని ఆవిడ గట్టి నమ్మకం.

అలాంటి రోజుల్లో పోలియో అనే జబ్బు పిల్లల కాళ్ళు పడగొడుతోందని కబురొచ్చింది. నర్సమ్మ విలేజ్ హాల్‌కి వచ్చి చక్కెర బిళ్ళ మీద మందు చుక్క వేసి పిల్లల నోట్లో పెడుతోంది. నాకు బళ్ళోనే పెట్టేశారు, ఇంట్లో ఎవరినీ అడగలేదు. మా చెల్లెలు ఇంకా ఇంట్లో ఉండే పిల్ల, అప్పుడప్పుడే నడక నేర్చి కోళ్ళ వెంట పరిగెత్తుతోంది. అమ్మ దాన్ని చంకనెత్తుకుని హాల్‌కి బయల్దేరితే అవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏయో! దీనికి అమ్మోరు ముద్ర ఏసింది కదే. మళ్ళీ ఇంకో వాక్సెన్ ఏటి? అమ్మోరికి కోపం రాదా?"

అది ఆ రోగానికి, ఇది ఈ రోగానికి అని అమ్మ గొణిగింది. అత్తగారికి ఎదురు చెప్పే కాలమా అది! తిరిగి లోపలికి వచ్చి చెల్లెల్ని కిందకి దించేసింది.

కొన్నాళ్ళకే చెల్లెలికి జ్వరం తగిలింది. అవ్వ వేపాకు పరిచి పడుకోబెట్టింది, మొక్కుకుంది, ఏడ్చింది. ఆఖరికి నాన్న ఆస్పత్రికి ఎత్తుకెళ్ళాడు. జ్వరం తగ్గింది. కుడికాలు మాత్రం చచ్చుబడిపోయింది. దాన్ని ఈడ్చుకుంటూ మా చెల్లెలు మళ్ళీ పాకడం మొదలుపెట్టింది.

మరుసటేడు నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పొత్తిళ్ళలో బిడ్డలకి కూడా వేస్తారట, ఒక్కసారితో సరిపోదట, మళ్ళీ మళ్ళీ రావాలట. ఊళ్ళో ఆడవాళ్ళు హాల్ ముందు దాకా వచ్చి ఆగిపోయారు. అమ్మోరు ముద్ర ఉండగా ఇదెందుకని గుసగుసలు. ఆ మాట వాళ్ళకి నేర్పింది మా అవ్వే కదా.

అవ్వ ఆ గుసగుసలు విని ఇంటికి వచ్చింది. చెల్లెల్ని చంకనేసుకుని విసవిసా హాల్‌కి నడిచింది. వెనకాలే నేను. అందరి మధ్యా నిలబడి చెల్లెలి గౌను తొడల దాకా పైకెత్తింది.

"చూడండే! గెత్ సో లాపాత్! దీని కాలు చూడండి! ముద్ర చాలన్నది నేనే. నా మాట వల్లే ఇలాగయింది. నడండి లోపలికి!"

అందరూ వెళ్ళారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. చెల్లెలు మాత్రం గౌను కిందకి లాక్కుంటూ గుక్కపట్టి ఏడ్చింది. అది లాక్కున్న ప్రతిసారీ అవ్వ దాని చెయ్యి తోసేసి మళ్ళీ ఎత్తింది. ఆ తర్వాత నర్సమ్మ ఎప్పుడొచ్చినా అదే వరస. చెల్లెలికి బుద్ధి తెలిశాక, నర్సమ్మ వస్తోందంటే చెరుకులో దాక్కునేది. వెతికి తీసుకురమ్మని నన్నే పంపేవారు.

నిజమే, మా ఊళ్ళో మళ్ళీ ఏ పిల్లకీ కాలు పడిపోలేదు. నేను కాదనను. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు అవ్వ పోయింది. ఎంత గుండె ధైర్యం ఆ ముసలమ్మది, పదిమందిలో తన తప్పు ఒప్పుకుంది అని వాకిట్లో జనం ఒకటే పొగడ్త. చెల్లెలు లోపల గోడకి ఆనుకుని కూర్చుంది. కంట చుక్క లేదు. ఏడవవేమే అని అడిగాను.

"అవ్వ ఊరందరికీ చెప్పిందక్కా, తప్పయిందని. నాకు చెప్పలేదు."

నేను గుర్తు చేసుకుని చూశాను. నూనె రాయడం గుర్తొచ్చింది, బెల్లం ముక్క దాచిపెట్టడం గుర్తొచ్చింది. ఆ మాట అన్న గుర్తు మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరి విషయంలో నాది పొరపాటని తెలిసినా ముందు ఆ మనిషి దగ్గరికే వెళ్తాను, చంటిపిల్లయినా సరే. కొడుకులూ కోడళ్ళూ నవ్వుతారు. నవ్వనీ. మా చెల్లెలికి మాత్రం తప్పయింది తల్లీ అని అవ్వ బదులు నేను ఎన్నోసార్లు చెప్పాను. ప్రతిసారీ అది నా చెయ్యి నిమిరి, "నువ్వు కాదక్కా" అంటుంది.