వాలువీధిలో ఒక మనిషి పట్టే దారి

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. మున్సిపాలిటీలో ఆమెను పిలిచేదే ఉలిపికట్టె అని. ఇరవయ్యారేళ్లుగా వాలువీధి ఊడుస్తున్న మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. ముక్కుసూటి మనిషి, పైగా ఆ ముక్కు మీదే కోపం. తడిచెత్తా పొడిచెత్తా కలిపి పారేశారని ఛైర్మన్‌గారి గుమ్మం ముందే చెత్తబండి ఆపేసి, విడదీసిందాకా కదలనన్న ఘనత ఆమెది.

ఆకురాలు కాలం వస్తే చాలు, ఆ చిన్న ఊరికి జనం కట్టలు తెంచుకుని వస్తారు. నది దాకా దిగే రాతి వీధి, రెండు వైపులా రంగురంగుల తలుపులు, పైన ఎర్రగా పండిన చెట్లు, కింద మడమలు మునిగేంత ఆకులు. చూడ్డానికి ముచ్చటే, ఎవరు కాదన్నారు? కానీ పైన పటారం, లోన లొటారం. వాన పడితే ఆ ఆకుల అడుగున నల్లటి జిగురు పేరుతుంది. దాని మీద కాలేస్తే ఎంతటివాడైనా నేల మీదే. ఈ సంగతి ఊడ్చేవాళ్లకు తెలుసు, ఫోటోలు తీసేవాళ్లకు తెలియదు.

ఫోటోలు బాగా రావాలి కనుక నెలాఖరు దాకా వాలువీధిలో చీపురు పెట్టకూడదని ఆఫీసు హుకుం. పోయినేడూ ఇదే హుకుం. జన్మలో ఒక్కసారి, ఖర్మకాలి, ఆమె అప్పుడు మాట వింది. విన్న మూడోరోజే ఆమె వదిన, అంటే భర్తకు అక్క, అదే వీధిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ మంచం దిగలేదు. వదిన పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండునని ఈమె ఏడాదిగా లోలోపల కుమిలిపోతోంది.

ఈ ఏడు సూపర్‌వైజరు ముందే తెగేసి చెప్పాడు. "చీపురు పెట్టావో, ఇక పనిలోకి రానక్కర్లేదు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా," అని తోటి పనామె నచ్చజెప్పింది. ఇల్లు గడిచేది ఆ పనితోనే. అందుకే మూడు రోజులు పళ్లు బిగబట్టి పక్కవీధులు ఊడ్చుకుంది.

నాలుగోరోజు పొద్దున, వాన వెలిశాక, వీధి మొదట్లో ఒక కారు ఆగింది. కొడుకూ కోడలూ, ఇద్దరు ఆడపిల్లలూ, చేతికర్రతో ఒక ముసలావిడా దిగారు.

"అమ్మా, జారుతుందే. నువ్వు కార్లో కూర్చో. నది ఫోటో తీసుకొచ్చి చూపిస్తాం," అన్నాడు కొడుకు.

"ఫోటో చూడ్డానికైతే ఇంత దూరం దేనికిరా? ఇంట్లో కుర్చీలో కూర్చునే చూసేదాన్నిగా," అంటూ ఆవిడ కర్ర ముందుకు ఆనించి చూసింది. కర్ర సర్రున జారింది. ఆవిడ కారువైపు తిరిగింది.

పక్కవీధి ముగించి బండి తోసుకొస్తున్న ఉలిపికట్టె అది చూసి ఆగింది. "ఉండు పెద్దమ్మా. కాసేపు ఓపిక పట్టు," అని చీపురందుకుంది.

గోడవారగా మొదలుపెట్టింది. పై ఆకులు పక్కకు నెట్టడం, అడుగు జిగురు పారతో గీకడం, మళ్లీ ఊడ్చడం. ఒక మనిషి పట్టేంత దారి. ఆ దారి వెంటే పెద్దావిడ ఒక చేత్తో గోడ పట్టుకుని, ముందొక మనవరాలు, వెనకొక మనవరాలు తోడుగా దిగసాగింది. సగం వీధి అయ్యేసరికి కబురందిన సూపర్‌వైజరు మధ్యసందులోంచి ఊడిపడి, ఊడ్చిన దారిలో నిలబడ్డాడు.

"ఏం చెప్పాను నీకు?"

"చెప్పారు సార్. పోయినేడు విన్నాను. ఆ విన్న పాపం మా ఇంట్లో మంచం మీదుంది. ఈ ఏడు వినను."

"ఆ ఆకులు మళ్లీ పరిచెయ్. లేదా చీపురక్కడ పెట్టి ఇంటికెళ్లు."

"పరచను. ఇంటికీ వెళ్లను. ఈవిడ నది చూశాక మాట్లాడుకుందాం."

ఇంతలో ముసలావిడ ఆయన దాకా వచ్చింది. "కాస్త జరుగు నాయనా," అంది.

జరగడానికి చోటేదీ? ఇటు గోడ, అటు తడి ఆకులు, వచ్చిన సందు ఆవిడ వెనకాల. ఆయన ఒక కాలెత్తి, బూటు కొసను ఆకుల మీద ఆనించి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. మనవరాళ్లు నవ్వాపుకోలేక నోళ్లు నొక్కుకున్నారు. రంగు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"ఇదిగో, ఇక్కడ రెండడుగులు ఊడ్చు. నిలబడతాను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"ఏమన్నారు సార్? చీపురు పెట్టమన్నారా?"

"ఊడ్చమన్నాను," అన్నాడు, ఈసారి వీధంతా వినపడేలా.

ఊడ్చింది. ఆయన అందులో ఒదిగి నిలబడ్డాడు. ముసలావిడ ఆయన్ను దాటుకుని నదివైపు దిగింది. ఉలిపికట్టె చీపురు మాత్రం ఆగలేదు. ఆయన కాళ్ల దగ్గర్నుంచి అవతలి గోడవైపు సాగింది.

"నేను రెండడుగులే అన్నాను," అన్నాడాయన.

"అది మీ మాట సార్. మిగతాది నాది," అని తలెత్తకుండా ఊడ్చుకుంటూ పోయింది.