చర్చిలో స్టాప్‌వాచ్

ఆ రోజుల్లో మనిషి దుఃఖాన్ని సెకండ్లలో కొలవవచ్చునని నేను నిజంగానే నమ్మాను. అరవైల తొలి సంవత్సరాలు. మా విశ్వవిద్యాలయంలో సైకాలజీకి సొంత కట్టడం లేదు. తత్త్వశాస్త్రం వాళ్ల మేడ మీద మెట్ల పక్కనున్న గదులు మాకిచ్చారు. ఒక గదిలో మా గైడు, పక్క గదిలో మేము, మాతో పాటు ఒక బీరువా, ఆ బీరువాలో కొన్ని స్టాప్‌వాచీలు (వాటిలో నడిచేది ఒకటే). ఏం చదువుతున్నావని ఊళ్లో అడిగినవాళ్లకు సైకాలజీ అని చెబితే జాలిగా చూసి, "పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా నాయనా? గవర్నమెంటుదేనా?" అనేవారు. గవర్నమెంటుదే అయితే పిచ్చయినా ఫర్వాలేదని వాళ్ల ఉద్దేశం. మా నాన్న ఒక్కడే ఆ చదువును గౌరవించాడు. కొడవలూరులో బడిపంతులు ఆయన. "మావాడు డాక్టరవుతున్నాడు, సూది వెయ్యని డాక్టరు" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. నేను రీసెర్చిలో చేరిన కొన్నాళ్లకే పోయాడు. నేను ఏడవలేదు. పుస్తకాలు చదివాను.

మా గైడును మేము సెకండ్ల మాస్టారు అనేవాళ్లం. ఆయన పద్ధతి సులువుగా ఉండేది. ఎదుటివాడికి ఒక మాట చెప్పి, వినగానే తోచిన మొదటి మాట చెప్పమనాలి. మామూలు మాటలకు జవాబు ఠక్కున వస్తుంది. మనసులో నొప్పి ఉన్నచోట మాట తగిలితే నాలుక ఆగుతుంది. "ఆ ఆగినంత సేపే మనకు కావాలి. మిగతాదంతా సాహిత్యం," అనేవాడు, సాహిత్యం అన్న మాటను ముక్కు చీదినట్టు పలుకుతూ. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ల నాలుక ఎక్కడ, ఎంతసేపు ఆగుతుందో కనుక్కోవడం నా అంశం. దీన్నే ఎందుకు ఎంచుకున్నావని ఆయన అడిగితే, "శాస్త్రీయమైన ఆసక్తి సార్" అన్నాను. ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను.

మొదట హాస్టలు కుర్రాళ్ల మీద ప్రయత్నించాను. "మరణం" అంటే, నేను వాచీ నొక్కేలోపే "మెస్సు సాంబారు" అన్నాడొకడు. మిగతావాళ్ల దుఃఖాలూ ఆ సాంబారు చుట్టుపక్కలే ఉన్నాయి. వేసవి సెలవుల ముందు మాస్టారు నన్ను పిలిచి, "వచ్చేటప్పుడు జవాబులతో రా. లేకపోతే రావద్దు. నీ సీటు కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారు," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బతిమాలే అవకాశం ఉండేది. నడిచే స్టాప్‌వాచీని సంతకం పెట్టించుకుని మరీ నా చేతికిచ్చాడు. ఆ సీటు పోతే పోయేది నా చదువొక్కటే కాదు. నాన్న అంతమందికి చెప్పిపోయిన మాట అబద్ధమవుతుంది.

అందుకని అక్క దగ్గరికి వెళ్లాను. తోటపల్లి గూడూరుకూ మైపాడుకూ మధ్య ఒక పల్లెలో మా బావ పాస్టరు. సంఘంలో సగంమంది వరి పొలాల్లో పనిచేసేవాళ్లు, సగంమంది మైపాడు పడవల మీద సముద్రంలోకి వేటకు పోయేవాళ్లు. మనిషిని పోగొట్టుకోని ఇల్లు ఆ పల్లెలో లేదు. నా పరిశోధనకు ఇంతకన్నా మంచి చోటు దొరకదని బస్సులో సంతోషపడ్డాను.

"ఏందిరా ఇట్ట చిక్కిపోయినావు? ఆ చదువులో అన్నం పెట్టరా?" అంది అక్క.

"రీసెర్చి పని మీద వచ్చినానక్కా."

"చేపల పులుసు తిని చేసుకో. మామిడికాయేసి పెట్టినా."

తిన్న తర్వాత బావకు విషయం చెప్పాను. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టాలి, పక్కన ఎవరూ ఉండకూడదు అన్నాను. బావ ముఖం పాలిపోయింది. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తాగి పెళ్లాన్ని కొట్టినా, పొరుగువాడి గట్టు నరికినా, వాళ్లను చర్చిలో ముందు బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టి పాస్టరు ప్రశ్నలడుగుతాడు. ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చోరు.

"ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే ఊరేమనుకుంటదిరా? తెల్లారేసరికి బావి కాడ ఇదే మాట," అన్నాడు బావ.

"శాస్త్రానికి బావి కాడ మాటలతో పనిలేదు బావా."

"శాస్త్రం నీళ్లు తోడుకోదు గదా," అంది అక్క లోపలినుంచి.

ముందుగా గంటవ్వను పిలిపించాను. చర్చి గంట కొట్టేది ఆమే కాబట్టి ఆ పేరు. మొగుణ్ణీ, ఇద్దరు కొడుకుల్నీ పూడ్చిపెట్టిన మనిషి. సాయంత్రం చర్చిలో బల్ల సర్దుకుని, వాచీ నొక్కే పని అక్కకు అప్పగించి కాచుకున్నాను. గంటవ్వ వచ్చింది. ఆమె వెనక పల్లె మొత్తం వచ్చింది.

"అవ్వ ఏ తప్పూ చెయ్యలేదు సార్," అన్నాడు ముందున్న మనిషి. మైపాడు పడవల్లో పనిచేసే అతన్ని అందరూ పడవ మామ అనేవారు. "మేమంతా సాక్ష్యం చెప్తాం. ఏం అడగాల్నో మమ్మల్ని అడగండి."

తప్పేమీ లేదని ఎంత చెప్పినా ఎవరూ కదల్లేదు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద సర్దుకున్నారు. సరే, అందరూ ఉండగానే మొదలుపెడదామని గొంతు సవరించుకుని, "ఉప్పు" అన్నాను.

"ఉప్పు," అంది సంఘమంతా ఒక్క గొంతుతో.

(చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి ఆ చర్చిలో బావ ఒక్కో ముక్క చెబితే అందరూ తిరిగి చెప్పడం అలవాటు. అది నాకు తట్టలేదు.) "నీళ్లు" అన్నాను. "నీళ్లు," అన్నారు, ఈసారి ఇంకాస్త భక్తిగా. వెనక ఎవరో ఆమెన్ అన్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చెప్పింది మళ్లీ చెప్పకూడదు. అది వినంగానే మీ మనసులో ఏమొస్తదో అది చెప్పాల."

"మనసులోదా?" అంది గంటవ్వ. "ఆ ముక్క ముందే చెప్పబళ్లా?"

"పడవ" అన్నాను. అక్క వాచీ నొక్కింది. పడవ మామ లేచి నిలబడ్డాడు. ఒక్క మాట చాలని నేను చెయ్యెత్తాను గానీ ఆయన నావైపు చూడటం లేదు. తమ్ముడి సంగతి చెప్పాడు. ఇద్దరూ ఒకే పడవలో పోయినారట. తిరిగి ఒడ్డుకొచ్చేటప్పటికి పడవలో తమ్ముడి తువ్వాలు ఉంది, తమ్ముడు లేడు. ఆ తువ్వాలు అమ్మకు ఎలా ఇవ్వాలో తెలియక చాలాసేపు ఇసకలో కూర్చున్నాడట. ఆ సంఘంలో ఇంకో పద్ధతి, ఎవరైనా లేచి కష్టం చెప్పుకుంటే వాళ్లకోసం ప్రార్థన చెయ్యకుండా కూర్చోనివ్వరు. అందరూ మోకరించారు. అక్కా మోకరించింది. ముడిచిన ఆమె చేతుల్లో నా వాచీ టిక్కుటిక్కుమంటూనే ఉంది. మొదటి జవాబు పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది.

మర్నాడు జనం ఇంకా ఎక్కువ వచ్చారు. "ఆకలి" అంటే ఒకామె తన చిన్నప్పటి కరువు చెప్పింది. "ఇల్లు" అంటే ఇద్దరు ఒకేసారి లేచారు. నేను దారిన పోతుంటే పొలంలోంచి కేకేసి, "ఇయ్యాల ఏం మాటయ్యా?" అని అడిగేవారు. ఒకామె నన్ను పక్కకు పిలిచి, "మా ఇంటాయనకు సరిపోయే మాట ఒకటి చూడయ్యా. బిడ్డ పోయినకాడ్నించీ మనిషి రాయి మాదిరి ఉండాడు," అంది. నా దగ్గర మాటలున్నాయి గానీ మందు లేదు. ఆమెకు ఆ తేడా తెలియదు. నాకూ అప్పటిదాకా అంతగా తెలియదు.

బావ మాత్రం ఉబ్బిపోయాడు. "క్రిస్మస్‌కి కూడా ఇంతమంది రాలేదురా! నీ సైకాలజీ మంచి చదువే."

"బావా, ఒక్క సెకండు కూడా దక్కలేదు. నా సీటు పోతది."

"ప్రార్థన చేద్దాం."

"వద్దు బావా. దయచేసి వద్దు."

నేను బయలుదేరే ముందు సాయంత్రం గంటవ్వ మధ్యలో లేచింది. "మమ్మల్నందర్నీ అడిగినావు. మరి నిన్నెవురు అడగాల?"

"అడిగేవాణ్ణి అడగకూడదవ్వా. అది పద్ధతి కాదు."

"ఏం, నీకు మనసు లేదా?" అందరూ నవ్వారు. "కూచో."

కూర్చున్నాను. ముందు బల్ల మీద, ఒంటరిగా. గంటవ్వ నా ఎదురుగా నిలబడి, నేను సవరించుకున్నట్టే గొంతు సవరించుకుని, "నాయిన" అంది. అక్క అలవాటుగా వాచీ నొక్కింది.

నాకు చాలా మాటలు తెలుసు. బడి, కళ్లజోడు, ముక్కుపొడి, సుద్దముక్క. ఏదన్నా సరిపోయేది. ఏదన్నా క్షణంలో చెప్పవచ్చు. అన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ నోటిదాకా రాలేదు. పిల్లలు కూడా కదలకుండా చూస్తున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి పడవ మామ లేచొచ్చి, ఎవరూ కూర్చోని ఆ బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆ రాయి లాంటి మనిషి వచ్చి రెండో పక్కన కూర్చున్నాడు. బల్ల నిండిపోయింది. ఇలాంటిచోట కథల్లో మనిషి భోరుమంటాడు. నేను ఏడవలేదు. అది కూడా చేతకాలేదు. అందరూ నాకోసం ప్రార్థన చేసి ఇళ్లకు పోయారు. వాచీ ఆపడం అక్క మరిచిపోయింది. నేనూ మరిచిపోయాను. అది కీ అయిపోయి దానంతటదే ఆగింది.

సెకండ్ల మాస్టారు నేను చెప్పిందంతా విన్నాడు. "అంతమందిలో ఒక్కరి దగ్గరైనా నాలుక ఆగిన సమయం దొరకలేదా?"

"ఒకరి నాలుక ఆగింది సార్. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు."

"ఎవరాయన?"

"నేనే సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పరిశోధకుడి జవాబు పనికిరాదు," అన్నాడు, కోపం లేకుండా. వాచీకి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, బీరువాలో పెట్టి తాళం వేశాడు. నా సీటు ఎలుకలను చిక్కుదారుల్లో తిప్పి చూసే ఒక అబ్బాయికి వెళ్లింది. ఎలుకలు ప్రార్థన చెయ్యవు గనక అతను సకాలంలో డాక్టరయ్యాడు. నేను నెల్లూరులో ఒక గ్రంథాలయంలో ఉద్యోగం చూసుకున్నాను. నాన్న చెప్పినదానిలో సగం నిజమైంది. నేను ఎవరికీ సూది వెయ్యలేదు.

ఈ మధ్యనే అక్క పోయింది. బావ అంతకుముందే పోయాడు. అదే చర్చిలో, ఇప్పుడది మిద్దె, భూస్థాపన ఆరాధన జరిగింది. కొత్త పాస్టరు, మర్యాదస్థుడైన యువకుడు, "అమ్మగారి తమ్ముడు, బాగా చదువుకున్నవారు, అక్కగారి గురించి ఒక్క మాట చెబుతారు," అన్నాడు. లేచి నిలబడ్డాను. ఒక్క మాట. వాళ్లు కాచుకున్నారు. ఆ పల్లెవాళ్లకు కాచుకోవడం బాగా వచ్చు. కాసేపటికి ముసలాయన ఒకడు, పడవ మామ కొడుకట, నా భుజం పట్టి కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు.

అప్పుడు ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. అరువు తెచ్చుకున్న వాచీతో, చేపల పులుసు వాసన వదలని చేతులతో, ఊరి దుఃఖాన్నంతా సెలవుల్లోపు కొలిచి పట్టుకుపోదామని చర్చిలో బల్ల సర్దుకున్న కుర్రవాడు. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. తెలివితక్కువవాడేం కాదు. నొప్పి ఉన్నచోట నాలుక ఆగుతుందని వాడు సరిగానే నేర్చుకున్నాడు. కాసేపటికి మళ్లీ కదులుతుందనుకున్నాడు, పాపం.