ఎర్రచీటీ వరుసలో పొడిపొట్టు

ఆవిణ్ణి అందరూ ఎలకలమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది తోడికోడలు. వెక్కిరింతకే పెట్టింది, కానీ అదే నిలిచిపోయింది.

దిగులు జబ్బుకి మందులు పరీక్షించే చోట, ఎలకల గదిలో పని. ఎలకలకి దిగులు పట్టించాలి. దానికి జీతమిచ్చే చోటు అదొక్కటే, మిగతాచోట్ల ఊరికే పట్టిస్తారు. రోజూ పొద్దున్నే బోనుల్లో పరిచిన చెక్కపొట్టుని చెంబుతో తడిపేది, బోనుల్ని ఓ పక్కకి వాల్చేది. నెల తిరిగేసరికి ఎలక మూల చేరేది. ఒక సీసాలో పంచదార నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్తనీళ్లు పెడితే, తీపి మీద కూడా ఆశ పోయి దానికి రెండూ ఒకటే. అప్పుడు మందిచ్చేవారు. పాత మందుకి లేవని మొండి ఎలకల్ని ఏరి, ఒక వరుసకి ఎర్రచీటీలు కట్టి కొత్త మందు, రెండో వరుసకి ఉత్తనీళ్ల సూది వేసేవారు. తడపడం మాత్రం ఏ వరుసకీ ఆపకూడదు.

ఎలకలమ్మ కూతురు గోడవైపు తిరిగి పడుకుని రెండేళ్లు. మూడు రకాల మందులు మింగింది, ఒక్కటీ పట్టలేదు. అందుకే ఎర్రచీటీ వరుస మీద ఈవిడ ప్రాణం. ఎవరికీ చెప్పకుండా వాటికి తడిపొట్టు తీసి పొడిది వేసేది. మందుకి తనూ ఓ చెయ్యి వేద్దామనుకుంది, పిచ్చిమొహం.

మూడోవారానికి ఎర్రచీటీ వరుసలో పంచదార నీళ్లు అడుగంటాయి. రెండో వరుసలో అలాగే ఉన్నాయి. ఆ పరీక్ష నడిపే డాక్టరమ్మ మొహం విప్పారింది.

"ఎలకలమ్మా, మీ అమ్మాయిలాంటి వాళ్లకి ఇదే మందవుతుందేమో."

ఎలకలమ్మకి ఏడుపూ రాలేదు, భయమూ వెయ్యలేదు. చేతి తొడుగులు విప్పి బల్లమీద పెట్టింది.

"ఆ వరుసకి నేను పొడిపొట్టు వేశానమ్మా. ఇరవై రోజుల్నించీ."

డాక్టరమ్మ రాస్తున్న పుస్తకం మూసేసింది. "ఎందుకు చెప్పారు? నాకు తెలిసేది కాదుగా."

"రేపు మింగేది మా పిల్లే కదా. నాలుగోదీ ఉత్తదే అయితే?"

పనిలోంచి తీసెయ్యలేదు. అంత ఓపిగ్గా తడిపేవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారు? కొత్త ఎలకలతో మళ్లీ మొదటినుంచీ చెయ్యమన్నారు.

ఇంటికెళ్లి కూతురి పక్కమీద దుప్పటి మార్చింది. రెండేళ్లుగా రోజూ మారుస్తూనే ఉంది. పొడిపక్కకే లేచే జబ్బయితే ఆ పిల్ల ఎప్పుడో లేచేది. టీ ఇచ్చి, తీపి సరిపోయిందా అనడిగింది.

"ఏమో" అంది కూతురు, గోడవైపు తిరిగే.

మర్నాడు పొద్దున్నే ఎలకలమ్మ చెంబు పట్టుకుని మొదటి బోను దగ్గర నిలబడింది. ఈసారి ఒక్కటీ వదలకుండా తడిపింది.