రాళ్ళ గంప

మా నాయన బావులు తవ్వేవాడు. హనుమంతునిపాడు దగ్గర ఒక బావిలో, ఆయన కట్టిన మోకు తెగి మా బాబాయి చనిపోయాడు. మట్టి చేసిన వారానికే నాయన కొత్త మోకు కొని మళ్ళీ ఆ బావి దగ్గరికే బయల్దేరాడు. హైస్కూల్లో ఉన్నాన్నేను. ఒళ్ళు మండిపోయి వెంట పడ్డాను.

ఆయన ఒక గంపలో తన బరువుకు సరిపడా రాళ్ళు వేశాడు. గిలక మీదుగా అడుగుదాకా దించాడు, పైకి లాగాడు. మధ్యాహ్నం దాకా అదే పని. లాగిన ప్రతిసారీ మోకంతా వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాతే తను దిగాడు.

"బాబాయిని మింగింది గదా, వదిలేయరాదా?" అని అరిచాను, పైకొచ్చాక.

"బావి ఏం జేసింది? మోకు సరిగా చూడంది నేను. సగంలో వదిలేస్తే వాడు ఊరికే పోయినట్టు."

ఆ బావిలో నీళ్ళు పడ్డాయి.

గిద్దలూరులో ఇంటర్ చదివేటప్పుడు, అంతరిక్షం నుంచి తిరిగొస్తున్న ఓడ ఆకాశంలోనే ముక్కలై ఏడుగురు పోయారు. ఆదివారం చర్చిలో అమ్మ వాళ్ళ కోసం ఏడుస్తూ ప్రార్థన చేసింది. ఇక మనుషుల్ని పైకి పంపనే కూడదని నేను ఇంట్లో ఉపన్యాసం దంచాను. నాయన అంతా విని ఒకటే అడిగాడు.

"రాళ్ళ గంప ఎన్నిసార్లు దించినారంట?"

నాకు తెలియదు. అది తెలుసుకోవాలనే పట్టుదలతోనే ఇంజనీరింగు చదివాను.

ఇప్పుడు మన దేశం మనుషుల్ని పంపబోతోంది. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు కూర్చునే గదిని మెల్లగా దించే పారాచూట్ల దగ్గర నా ఉద్యోగం. ఇంజనీరునని కోతలు కోస్తాను గానీ, చేసేది మడతలు, కుట్లు, ముడులు చూడటమే. ఒక్కో తాడూ వేళ్ళతో తడుముతుంటే తోటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ.

మొన్నటి పరీక్షలో గదిలో మనుషులు లేరు, వాళ్ళ బరువు మాత్రం ఉంది. విమానం దాన్ని గాల్లోకి వదిలేసింది. ఊపిరి బిగబట్టి చూశాను. ఒకటి, రెండు, మూడు... పారాచూట్లన్నీ విచ్చుకున్నాయి. గది క్షేమంగా నేలకు దిగింది. సిగ్గు లేకుండా గెంతాను, ఏడ్చాను, వెంటనే ఊళ్ళో టీ అంగడి దగ్గరున్న నాయనకు ఫోన్ చేశాను.

"రాళ్ళ గంప దిగింది నాయనా!"

"ఒక్కసారేనా?"

"ఇంకా చానా సార్లు దించుతాం. ఆ తర్వాతే మనుషులు."

"మోకు ఎవరు చూసినారు?"

"నేనే."

 ఆయన ఫోన్ చేతిలో ఉన్న సంగతే మరిచిపోయి, టీ అంగడంతా అదిరేలా అరిచాడు.

"ఒరేయ్, మా పిల్ల చూసిన మోకు తెగలేదురా!"