రేకుల కప్పుకి పది తగ్గించు

మా మామ పోయాడన్న వార్త అత్త ఫోన్‌లో చెప్పింది. "అమ్మీ, మీ మామ అంగట్లో కుర్చీలోనే వాలిపోయినాడు. పిలిస్తే పలకలా," అంది. కత్తిరి ఎండలు మండుతున్న మధ్యాహ్నం. తిరువళ్ళూరులో రైలెక్కి తిరుత్తణి చేరేసరికి ఆయన్ని ఇంటి వసారాలో పడుకోబెట్టారు. నుదుటి మీద చెయ్యి పెట్టాను. ఇంకా వేడిగానే ఉంది. వడదెబ్బ అన్నాడు డాక్టరు.

మామ మా అమ్మకి తమ్ముడు. మగ్గం నేసినవాడు. మగ్గం కూడు పెట్టడం మానేశాక కంప్యూటర్ల రిపేరు నేర్చుకుని, బస్టాండు వెనక రేకుల కప్పు కింద చిన్న అంగడి పెట్టుకున్నాడు. ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన దానికన్నా ఎక్కువ వేగంతో నడిపించడమంటే, అదే ఓవర్‌క్లాకింగ్ అంటే ఆయనకి పిచ్చి. అయితే మా చెడ్డ జాగ్రత్త మనిషి. "వేగం నువ్వు అడగొచ్చు అమ్మీ. ఎంత ఇయ్యాలో వేడే చెప్తాది," అనేవాడు.

ప్రాసెసర్‌కీ దాన్ని చల్లబరిచే కూలర్‌కీ మధ్య పూసే పేస్టు ఓసారి నా చేతికిచ్చాడు. నేను ట్యూబు సగం పిండేశాను. తల కొట్టుకున్నాడు. "ఓయమ్మో! పడుగుకి గంజి పెట్టినట్ల పల్చగా ఉండాల. గంజి ఎక్కువైతే పోగు తెగతాది, తెలీదా? నేతోళ్ళింటి బిడ్డవేనా నువ్వు?" అంటూనే అంతా తుడిచి, కందిగింజంత పెట్టాడు.

ఇంటర్నెట్లో నాలుగు ముక్కలు చదివి నేనూ వాదించాను. తొంభై డిగ్రీల దాకా ఫరవాలేదట, అది దాటి ఇంకా పైకి పోతే ప్రాసెసరే వేగం తగ్గించుకుంటుందట అన్నాను.

"అది రాసినోడు యాడ కూర్చోని రాసినాడు? ఏసీలో. మన రేకుల కప్పుకి పది తగ్గించు. ఎనభై దాటిందా, వేగం దించు. అంతే."

కంప్యూటర్ వెనక గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి, తెర చూడకుండానే "డెబ్భై రెండు" అనేవాడు. చూస్తే ఒకటో రెండో తేడా. ఆ గర్వం ఆయనకి బాగానే ఉండేది.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముహూర్తాల రోజుల్లో నా కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఆయన దగ్గరికి మోసుకెళ్ళింది నేనే. వేగం పెంచిన ప్రతి మిషన్‌నీ ఆరు గంటలు ఆపకుండా పరీక్ష నడిపి చూడాలని ఆయన నియమం. అందాకా అంగడి వదిలి కదలడు. "పొయ్యి మీద పాలు పెట్టి పొరుగింటికి పోతారా?" అనేవాడు.

ఆయన పోయిన రోజు పొద్దున పదకొండింటికి ఫోన్ చేశాడు.

"తల తిరగతా ఉండాది అమ్మీ. పరీక్ష రేపు పెట్టుకుందామా?"

"అయ్యో మామా, రేపు పొద్దున్నే పెళ్ళోళ్ళకి వీడియో ఇయ్యాల. ఈ ఒక్కసారికి కానీయి."

"సరి సరి. కొంజెం మజ్జిగ తాగి పెడతాలే."

అంతే. ఇంటికి పో మామా అనలేదు. ఎట్లా ఉందని రెండోసారి అడగలేదు. వీడియో ఒకరోజు ఆలస్యమైతే ఏమయ్యేది? వాళ్ళు నాలుగు మాటలు అనేవాళ్ళు, నేను పడేదాన్ని. పాపిష్టిదాన్ని, నా తొందరే చూసుకున్నాను.

అత్త నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ ఫోన్ సంగతి ఆమెకి తెలియదు. పైగా నన్నే పట్టుకుని ఏడ్చింది. "నిన్న కూడా నీ పేరే చెప్పినాడే, అమ్మీ మిషన్ గుర్రం మాదిరి పరిగెత్తాల అని," అంది. ఆమెకి తెలుగు చదవడం రాదు, తమిళమే చదువుతుంది. అందుకే ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను. ఆమెకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను.

పొద్దు గుంకేలోపు అంతా అయిపోయింది. తాళం వేసి రమ్మంటే అంగడికి వెళ్ళాను. హడావిడిలో ఎవరూ ఏదీ ఆపలేదు. తెర మీద పరీక్ష పూర్తయిందని ఉంది. ఆరు గంటలు. తప్పులు లేవు. అన్నిటికన్నా ఎక్కువ వేడి డెబ్భై తొమ్మిది.

ఆ అంగట్లో ఉన్నది ఒకే ఒక్క టేబుల్ ఫ్యాన్. అది నా కంప్యూటర్ వైపు తిప్పి పెట్టి ఉంది, ఇంకా తిరుగుతూనే ఉంది. మామ కుర్చీ దాని వెనక ఉంది.