కుంటాలలో హంస

ఆ రోజుల్లో ప్రతి ఇంటి ముందుగదిలోనూ, గుమ్మం దాటగానే కళ్లు పడే చోట, ఆ ఇంటివాళ్లు సుఖంగా ఉన్నారనడానికి సాక్ష్యంగా ఒక ఫోటో వేలాడేది. కొందరిళ్లలో పెద్దకొడుకు డిగ్రీ పట్టా చుట్టచుట్టి పట్టుకున్న ఫోటో, కొందరిళ్లలో తాతగారు ఎవరో దొర పక్కన నిలబడిన ఫోటో (ఆ దొర ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు, దొర అయితే చాలు). మెట్టుగూడలో మా ఇంట్లో మాత్రం జలపాతం ఉండేది. దాని ముందు కొత్త పెళ్లికూతురిగా మా అమ్మ, పక్కన పూలకుండీ ఉన్న స్తంభం మీద మోచెయ్యి ఆనించి మా నాన్న, వాళ్ల కాళ్ల దగ్గర నీళ్లలో ఒక హంస. అసలు ఫోటో నలుపు తెలుపే అయినా తర్వాత ఎవరో శ్రద్ధగా రంగులద్దారు. నీళ్లు నీలం, చీర గులాబీ, నాన్న పెదవులు కూడా కాస్త గులాబీ. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ కాఫీ కన్నా ముందు అదే అందించేది: "కుంటాల అండీ. పెళ్లయిన డిసెంబరులోనే వెళ్లాం."

నేను ఆ మాట వింటూ పెరిగాను. తొమ్మిదో తరగతిలో 'నాకు నచ్చిన ప్రకృతి దృశ్యం' అని వ్యాసం రాయమంటే కళ్లు మూసుకుని కుంటాలను వర్ణించాను. హంసకు ఒక పేజీ కేటాయించాను. టీచరమ్మ దాన్ని క్లాసులో చదివి వినిపించింది. డిగ్రీలో చేరాక కూడా, చూసొచ్చినదానిలా స్నేహితురాళ్లకు ఆ హంస సంగతి చెప్పేదాన్ని. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏడాది క్రిస్మస్ ముందు మా ఇంట్లో పడిన పిడుగు అమ్మానాన్నల నెత్తిన ఎంత పడిందో, నా నెత్తిన కూడా అంతే పడిందని మీరు నమ్మాలి.

ఒక సాయంత్రం అమ్మ చర్చిలో స్త్రీల సమాజం మీటింగు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లోనే ఉంది. "ఏవండీ, ఈసారి పండగయ్యాక పిక్నిక్ కుంటాలకంట" అంది. నాన్న తాగుతున్న టీ పొలమారింది. "నన్నే దారి చూపించమన్నారు. చూసొచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా." నేను ఎగిరి గంతేశాను. "అమ్మా, అయితే హంస ఉన్న చోటు చూడొచ్చు!" అన్నాను. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న గోడ వైపు చూశారు. గోడ మీద ఆ ఇద్దరూ ఏమీ ఎరగనట్టు నవ్వుతూ నిలబడి ఉన్నారు.

అప్పుడు చెప్పింది అమ్మ. పెళ్లయిన డిసెంబరులో నాన్న కుంటాల తీసుకెళతానన్న మాట నిజం. సంచులు సర్దుకున్నదీ నిజం. బయలుదేరే ముందు ఆఫీసులో సెలవు రద్దయింది. అప్పటికే అమ్మ తెనాలిలో అక్కలందరికీ కుంటాల వెళ్తున్నానని చాటేసింది. ఆ సాయంత్రం నాన్న మొహం చూడలేక, "పోనీలెండి, ఫోటో అయినా దిగుదాం" అని తనే సికింద్రాబాద్ బజారులో ఒక స్టూడియోకి లాక్కెళ్లింది. స్టూడియో భాయ్ దగ్గర వెనక కట్టే బొమ్మల తెరలు మూడున్నాయట: విమానం, రాజభవనం, జలపాతం. "ఇది ఏ జలపాతం భాయ్?" అని అమ్మ అడిగితే, ఆయన నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "మీకు ఏది కావాల్నో గదే అమ్మా" అన్నాడట.

"మా అక్కలకి ఏం చెప్పమంటావే? మా ఆయన నన్నెక్కడికీ తీసుకెళ్లలేదని చెప్పనా?" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. ఆ అబద్ధం నాన్న పరువు కోసం ఆడింది. ఇప్పుడది బయటపడితే పోయేది తన పరువు. స్త్రీల సమాజంలో ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని, చిన్న కోడళ్లకు నిజాయితీ గురించి బుద్ధులు చెప్పే మనిషి ఆవిడ. నాన్న తేలు కుట్టిన దొంగలా టీ గ్లాసు కడగడానికి వెళ్లారు. (మా ఇంట్లో ఆయన గ్లాసు కడగడం నేను చూడడం అదే మొదలు.) నేను కూడా ఏడ్చాను. అమ్మ కోసమని ఆవిడ అనుకుంది గానీ, నిజానికి హంస కోసం.

పండగ వెళ్లిన నాలుగు రోజులకు, తెల్లవారకముందే చర్చి గేటు ముందు అద్దె బస్సు ఆగింది. పులిహోర గిన్నెలు ఎత్తడానికి ఒక్క మగమనిషైనా ఉండాలని సమాజం తీర్మానించి నాన్నను ఎంచుకుంది. ఆయన మంకీ క్యాపు, మఫ్లరు, ఆఫీసు ప్యాంటు, బూట్లతో సహా వచ్చి, గిన్నెల మధ్య కూర్చున్నారు. మా పక్క సీటులో ఆర్గాన్ ఆంటీ. మల్కాజ్‌గిరి నుంచి వచ్చి చర్చిలో ఆర్గాన్ వాయించేది కాబట్టి పిల్లలందరం అలా పిలిచేవాళ్లం. భర్త పోయి రెండేళ్లయింది. ఆయన కెమెరా మెళ్లో వేసుకుని వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అందువల్ల మేం భయపడింది ఆవిడకే. "మా ఆయన నన్ను పెండ్లయిన కొత్తల ఊటీకి తీస్కపోయిండు వదినా. మా అన్నయ్య నిన్ను కుంటాలకు తీస్కపోయిండు. మనిద్దరమే అదృష్టవంతులం, గీళ్లంతా చార్మినార్ కాడికే పోయిన్రు" అని బస్సంతా వినబడేలా నవ్వింది.

నిజామాబాద్ దాటేసరికి అమ్మకు పరీక్షలు మొదలయ్యాయి. డ్రైవర్ భాయ్ అద్దంలోంచి చూస్తూ, "అమ్మా, మీరు అప్పట్ల ఏ రోడ్డు మీదికెల్లి పోయిన్రు?" అని అడిగాడు. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. అమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ, "అప్పట్లో ఈ రోడ్డు ఇలా లేదు భాయ్" అంది. "సహీ బాత్! గిట్ల లేకుండె" అన్నాడు భాయ్ ఎంతో సంతోషంగా. అంతే, అమ్మకు తాళంచెవి దొరికింది. నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక పొగమంచు బస్సును కమ్మేసింది. "అప్పట్లో ఇంత మంచు లేదు." మంచు విడిచి, రెండు పక్కలా టేకు చెట్లు, కింద విస్తరాకులంత ఎండుటాకులు కనిపించాయి. "అప్పట్లో అడవి ఇంకా చిక్కగా ఉండేది." ఎవరూ అడగకుండానే, "ఇదిగో, ఈ మలుపులోనే పులి అరుపు విన్నాం" అని కూడా అనేసింది. నేను గిల్లాను. ఆగలేదు. ఆడిన కొద్దీ అబద్ధం, వేసుకున్న కొద్దీ వంటికి పట్టే స్వెటరులా అవుతుందని ఆ రోజే చూశాను. గిన్నెల మధ్య నుంచి నాన్న దగ్గు వినిపించింది.

బస్సు దిగి నడుస్తుంటే ముందు చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వినగానే అమ్మ నడక నెమ్మదించింది. నా చెయ్యి పట్టుకుంది. మెట్లు దిగి మలుపు తిరిగేసరికి, ఎదురుగా నల్లటి రాతి కొండ మీద నుంచి నీళ్లు పాయలు పాయలుగా జారుతున్నాయి. వానాకాలంలో ఒక్కటై దూకే నీళ్లు చలికాలానికి ఇలా విడిపోతాయని, వేసవికి దారపు పోగులవుతాయని భాయ్ చెప్పాడు. నీళ్లు తగ్గిన చోటల్లా బండలు బయటపడి, మధ్యాహ్నపు ఎండకు మెరుస్తున్నాయి. కింద మడుగులో పచ్చటి నీళ్లు. నేను మా గోడ మీది నీలం జలపాతాన్ని ఒక్కసారిగా మరిచిపోయాను. ఇన్నేళ్లుగా అందరికీ చూపిస్తూ వచ్చిన దాన్ని అమ్మ మొదటిసారి చూస్తోంది. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు. ఆవిడ మొహంలోని ఆశ్చర్యాన్ని ఎవరూ గమనించకుండా నేను అడ్డంగా నిలబడ్డాను.

పులిహోర, పండగ మిగులు గులాబీ పూల పిండివంట, కేకు ముక్కలు తినడం అయ్యాక ఆర్గాన్ ఆంటీ లేచి చేతులు దులుపుకుంది. "వదినా, ఇగ నువ్వు, అన్నయ్య గా ఫోటోల ఉన్నట్టే నిలబడుండ్రి. గా జాగల్నే. నేను తీస్త." సమాజమంతా చప్పట్లు కొట్టింది. అమ్మ చీర కొంగు సర్దుకుంటూ అటూ ఇటూ చూసింది. "గా పూలకుండీ స్తంభం ఏడుండె?" అంది ఆంటీ. "వరదకి కొట్టుకుపోయి ఉంటుంది వదినా" అంది అమ్మ. "మరి హంస?" అబద్ధమాడే ఇంట్లో పుట్టానే అని వారం రోజులుగా అలిగి ఉన్న నేను, ఎవరూ అడగకుండా, "చలికాలం కదా ఆంటీ, వలస వెళ్లిపోయి ఉంటుంది" అన్నాను. ఆంటీ నా వైపు జాలిగా చూసింది. "ఫోటో సుత చలికాలమే దిగిన్రంటిరి గద బిడ్డా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. 'అప్పట్లో ఇలా లేదు' అన్న మాట ఆవిడ పెదవుల దాకా వచ్చి ఆగిపోవడం నేను చూశాను. ఆ క్షణంలో నాకు అమ్మ మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను.

"అదిగో, అక్కడ." పొద్దుటి నుంచి నాన్న నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. నీళ్లకు అవతల, ఒక పాయ కింద ఉన్న బల్లపరుపు బండను చూపించారు. అందరం తిరిగి చూసేలోగా బూట్లు విప్పి, మేజోళ్లు బూట్లలో కుక్కి, ఆఫీసు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు. స్నానానికి వేన్నీళ్లు ఒక గిన్నె తక్కువైతే ఆదివారం చర్చి మానేసే మనిషి మా నాన్న. "మీ నడుము..." అంది అమ్మ. ఆయన చెయ్యి చాపి, నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు మాత్రమే వినబడేలా, "రా. ఇప్పటికే చాలా ఆలస్యం చేశాను" అన్నారు.

అమ్మ చెప్పులు విప్పింది. మోకాలి లోతు నీళ్లలో ఇద్దరూ పాచి రాళ్ల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్లారు. ఒడ్డు మీద సమాజం స్తోత్రగీతం ఎత్తుకుంది (ప్రోత్సాహానికో, ప్రార్థనకో తెలియదు). అమ్మ బండ ఎక్కింది. నాన్న ఎక్కబోతూ జారి, తపాలున నీళ్లలో కూర్చున్నారు. కడుపు దాకా నీళ్లు, తల మీద మంకీ క్యాపు, పైకెత్తిన చేతిలో మాత్రం అమ్మ చెయ్యి అలాగే ఉంది. అమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, తల వెనక్కి వాల్చి, జలపాతం హోరులో కూడా వినబడేలా నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆంటీ కెమెరా క్లిక్కుమంది. హంస ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

డ్రైవర్ భాయ్ తన ఆకుపచ్చ గళ్ల లుంగీ ఇచ్చాడు. నాన్న అది కట్టుకుని, అమ్మ శాలువా కప్పుకుని, ఎండుటాకుల మంట ముందు వణుకుతూ కూర్చున్నారు. ఆయన తడి ప్యాంటును అమ్మ పిండుతుంటే ఆర్గాన్ ఆంటీ వచ్చి దాని రెండో కాలు పట్టుకుంది. నేను చెట్టు వెనకే ఉన్నాను.

"పరేషాన్ గాకు వదినా. గా హంస మా ఫోటోల సుత ఉన్నది."

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"గదే స్తంభం, గదే పూలకుండీ. గోడకు పెట్టకుండ పెట్టెల దాచిన. మా ఆయన దాన్ని ఊటీ అని చెప్తుండె." ఆంటీ ప్యాంటును ఇంకో మెలి తిప్పింది. "మీ ఇంట్ల జూసిన తొలినాడే గుర్తువట్టిన. నీకు ఒక్క అసలు ఫోటో ఉండాలనే నిలబడుమన్న. నన్ను ఇగ ఊటీకి ఎవరు తీస్కపోతరు?"

"నేను తీసుకెళ్తానొదినా" అంది అమ్మ, ముక్కు ఎగబీలుస్తూ. మాట నిలబెట్టుకోవడానికి మరుసటి ఏడాది సమాజంలో ఊటీ పిక్నిక్ అని గట్టిగానే వాదించింది. సమాజం నాగార్జునసాగర్‌తో సరిపెట్టింది. అక్కడ ఆనకట్ట ముందు అమ్మ, ఆంటీ ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఒక ఫోటో దిగారు. దాని వెనక ఆంటీ 'ఊటీ' అని రాసుకుంది.

కొత్త ఫోటోలో సగం జలపాతాన్ని ఆంటీ వేలు మింగేసింది. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. నాన్న నీళ్లలో ఉన్నారు. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి పాత ఫోటో కిందే తగిలించింది. ఎవరైనా వస్తే "ఇది కుంటాల" అని కొత్తది చూపించేది. "మరి పైది?" అంటే, "అదీ కుంటాలే. అప్పట్లో అలా ఉండేది" అనేది, ఏమాత్రం తడబడకుండా.

ఈమధ్య ఒక డిసెంబరులో మా అమ్మాయిని తీసుకుని కుంటాల వెళ్లాను. ఇప్పుడు నీళ్ల దగ్గరకు వెళ్లకుండా కమ్మీలు వేశారు. పైన చిరుతిళ్ల బండ్లు, కార్ల వరసలు ఉన్నాయి. టేకు చెట్లు పలచబడ్డట్టు అనిపించింది. నీళ్లు కొత్త పాయలుగా విడిపోయి, ఏ బండ ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. "అమ్మమ్మ తాతయ్య నిలబడింది ఎక్కడమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. నేను ఎంత వెతికినా ఆ బండ కనబడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి చాపి, అన్నింటికన్నా అందంగా ఉన్న ఒక బండను చూపించి, "అదిగో, అక్కడ" అన్నాను.

మా అమ్మాయి అటు చూసి, "ఫోటోలో అలా లేదే?" అంది.

"అప్పట్లో ఇలా ఉండేది కాదులే" అన్నాను.