ఆ సినిమా మూడుసార్లు చూసిన సుగుణ ఆంటీ

నిన్న పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో కార్ ఆపుతుంటే సుగుణ ఆంటీ కూతురు గ్రేస్ ఫోన్. ఆదివారం తప్ప ఫోన్ చెయ్యని పిల్ల.

"మమ్మీ పోయిందక్కా" అంది.

మీటింగ్ ఉందని తెలుసు. కార్ దిగలేకపోయాను.

ఎనభై దాటాయి, ఆరోగ్యం బాలేదు, అన్నీ తెలుసు. అయినా సుగుణ ఆంటీ పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. పిచ్చిదాన్ని.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. చెప్తాను.

ఎయిటీస్ మొదట్లో ఈ దేశంలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మేము ఐదే ఐదు తెలుగు కుటుంబాలం. ఆంటీ వాళ్ళది తెనాలి వైపు. ఇక్కడ హాస్పిటల్లో నర్సు. ఆదివారం చర్చికి, శనివారం మాకు.

శనివారం అందరం ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళం. వీసీఆర్ అద్దెకి తెచ్చుకుని మధ్యాహ్నం పిల్లలకో సినిమా, తర్వాత పెద్దవాళ్ళకో తెలుగు సినిమా.

ఒకసారి క్యాసెట్ తెచ్చే వంతు మా నాన్నది. ఆయన ఇంజనీర్. డబ్బా మీద రాకెట్ బొమ్మ, పక్కన 'సైన్స్' అన్న మాట కనపడ్డాయి. ఇంకేం కావాలి! పిల్లలకి చదువుకి పనికొస్తుందని మురిసిపోతూ తెచ్చి పెట్టేశాడు. పెద్దవాళ్ళంతా వంటింట్లో కబుర్లు. మేం ఏడుగురు పిల్లలం టీవీ ముందు.

సైన్సా నా మొహమా.

అంతరిక్షంలో ఏదో ఒకటి రేడియోలోంచి రాకెట్‌లోకి దూరుతుంది. దానికి ఆకారం లేదు. ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతుతో మాట్లాడుతుంది. ఒక చిన్నపిల్లని వాళ్ళమ్మ గొంతుతో పిలుస్తుంది. "కమ్ హియర్ స్వీటీ, డిన్నర్ ఈజ్ రెడీ."

పిల్ల వెళ్తుంది. మళ్ళీ రాదు.

మర్నాడు మా అమ్మ వంటింట్లోంచి పిలిచింది. "కమ్ హియర్ స్వీటీ, డిన్నర్ ఈజ్ రెడీ."

అచ్చం అలాగే.

అమ్మకి అప్పుడు ఇంగ్లీష్ అంతంత మాత్రం. కానీ ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే మీ పాప వెనకబడిపోతుంది అని స్కూల్లో టీచర్ చెప్పింది. పాపం, అమ్మ నమ్మింది. నాతో తెలుగు పూర్తిగా మానేసి, ఒక్కో వాక్యం పోగు చేసుకుని మాట్లాడేది.

నేను వెళ్ళి కోట్లు పెట్టే క్లాజెట్‌లో దూరాను. నాకు ఎనిమిదేళ్ళు.

రెండు వారాలు. అమ్మ పెడితే తినలేదు, జడ వేయించుకోలేదు, పిలిస్తే పలక్కుండా మళ్ళీ క్లాజెట్‌లోకే. అమ్మ ఏడ్చేది. అది కూడా నటనేమో అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

దెయ్యాల్లేవు, భూతాల్లేవు, అదంతా ఉత్తిదేనని నాన్న వందసార్లు చెప్పాడు. అందరు అంకుల్సూ చెప్పారు. ఉత్తిదో కాదో నేను చూశాను కదా, వాళ్ళు చూడలేదు కదా!

అమ్మ చివరికి ఆంటీకి ఫోన్ చేసి భోరుమంది. ఆంటీ ఓదార్చలేదట. ముందు ఆ సినిమా నేను చూడాలి పద్మా, అందట.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఆంటీ పగలంతా ఆపరేషన్లు చూసే మనిషే గానీ, సినిమాలో చిన్న ఫైటింగ్ వస్తే చాలు, చీర కొంగు మొహం మీదకి లాక్కునేది. మేమంతా ఆటపట్టించేవాళ్ళం. అలాంటి మనిషి డ్యూటీ లేని రోజున ఆ క్యాసెట్ తెచ్చుకుని, ఒక్కతే కూర్చుని, పెన్నూ నోట్‌బుక్కూ పెట్టుకుని మూడుసార్లు చూసింది.

మర్నాడు మా ఇంటికొచ్చి, క్లాజెట్ తలుపు బయట కార్పెట్ మీద చతికిలబడింది.

"నేను చూశానమ్మా. మూడుసార్లు. చాలా భయంగా ఉంది. నువ్వు భయపడ్డంలో తప్పేం లేదు."

ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. నేను లోపల ఏడుపు ఆపి విన్నాను.

తర్వాత పేజీలు తిప్పిన చప్పుడు. అది ఎక్కడెక్కడ ఎవర్నెవర్ని పిలిచిందో అన్నీ రాసుకుంది ఆంటీ. వరసగా చదివి వినిపించింది. పదకొండుసార్లు పిలిచింది, నేనూ గుర్తు చేసుకుని చూశాను, సరిగ్గా పదకొండే.

"పదకొండుసార్లూ ఇంగ్లీషే. దానికి తెలుగు రాదు."

తర్వాత ఆంటీ అమ్మ వైపు తిరిగి, టీచర్ మాట పక్కన పెట్టి పిల్లని నీ నోటితో పిలువమంది.

"చిన్నమ్మడూ, పెరుగన్నం కలిపాను, రా తల్లీ."

తలుపు తీశాను.

అమ్మ మళ్ళీ నాతో ఎప్పుడూ ఇంగ్లీష్ మాట్లాడలేదు. నేనేం వెనకబడలేదు.

ఆ రోజు నుంచి మా అందరికీ సెన్సార్ బోర్డ్ ఆంటీనే. ప్రతి క్యాసెట్ ముందు ఆవిడ చూడాలి. డబ్బా మీద చీటీ అంటించేది: 'చూడొచ్చు', 'పక్కన పెద్దవాళ్ళుంటే చూడొచ్చు', 'ఇంకో రెండేళ్ళాగండి'. ఆగమన్న సినిమాల కథ తనే కూర్చుని చెప్పేది, స్కూల్ బస్‌లో మిగతా పిల్లలు ఆ సినిమా గురించి మాట్లాడితే మేము తెల్లమొహం వెయ్యకుండా. భయం ఎక్కడ ఎక్కువైతే అక్కడ ఆపి మా మొహాలు చూసేది.

నిన్న గ్రేస్ ఇంకో మాట చెప్పింది. ఆ సినిమా తర్వాత చాలా ఏళ్ళు ఆంటీ ఇంట్లో ఒంటరిగా ఉంటే రేడియో పెట్టలేదట. పాటలంటే ప్రాణం ఆవిడకి. ఎందుకు పెట్టవు మమ్మీ అంటే తలనొప్పి అనేదట.

నా భయం నా దగ్గర్నుంచి తీసుకుని, తన దగ్గర పెట్టుకుంది. ఒక్కసారైనా చెప్పలేదు. ఇంత మనిషి మా పక్క వీధిలో ఉండేది, మేము ఆవిడని కొంగు చూసి ఆటపట్టించాం.

సాయంత్రం అమ్మకి చెప్పాను. "నిన్ను నాకు తిరిగిచ్చింది ఆవిడేనే" అంది.

తెలుగులోనే అంది.

ప్రశాంతంగా వెళ్ళండి ఆంటీ. అక్కడ మిమ్మల్ని ఎవరు పిలిచినా తెలుగులోనే పిలవాలి.